వైపర్ కదలకపోతే మోటర్ పోయినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

చలికాలంలో కారు జాగ్రత్తలు అని మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. బ్యాటరీ గురించి, టైర్ల గురించి బాగానే రాశారు గానీ వైపర్ల దగ్గరికొచ్చేసరికి ఒకే ఒక్క లైను, "పాడైతే కొత్తవి వేయించుకోండి" అని. అంతే. ఏది పాడైతే? బ్లేడా, రబ్బరా, బ్లేడ్‌ని పట్టుకునే ఆర్మా, మోటర్ నుంచి ఆర్మ్‌లకి కదలిక చేర్చే లోపలి రాడ్లు, అదే లింకేజా, మోటరా, లేక ఫ్యూజా? వైపర్ అంటే అద్దం మీద కనపడే నల్లపుల్ల ఒక్కటే కాదు కదండీ. ఆ ఒక్క లైను నమ్ముకునే నేను కొంచెంలో ఒక మంచి మోటర్ తీసి పారేయించుకునేవాడిని, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా, కోసి వేసుకున్నా పర్లేదు గానీ వేడినీళ్ల ముక్క మాత్రం దయచేసి ఉంచండి, అది కింద వస్తుంది.

జరిగిందేంటంటే, రాత్రి వానలో కారు నడుపుకుంటూ వచ్చి ఆపేసి తాళం తీసేశా, వైపర్ స్విచ్ మాత్రం ఆఫ్ చెయ్యలేదు. ఎవరు చేస్తారు చెప్పండి, ఇంజిన్ ఆగితే అన్నీ ఆగిపోతాయి కదా అనుకుంటాం. తెల్లారేసరికి ఆ వాన నీరంతా గడ్డకట్టి అద్దం మీద గాజుమీద ఇంకో గాజులాగా పేరుకుపోయింది, రబ్బరు బ్లేడ్లు రెండూ అందులో అతుక్కుపోయి ఉన్నాయి. నేను ఇవేమీ చూడకుండా చలికి వణుకుతూ లోపల కూర్చుని తాళం తిప్పా. తిప్పీ తిప్పగానే రాత్రి ఆన్‌లో వదిలేసిన వైపర్ తన పని తను మొదలెట్టింది, బయట నుంచి "టక్" అని ఒక్క శబ్దం. ఆ తర్వాత పక్కసీటు వైపు వైపర్ ఐసును తెంపుకుని ఊగుతోంది, నా వైపుది మాత్రం కదలట్లేదు. ఎప్పుడూ అంతే, పాడయ్యేది డ్రైవర్ వైపుదే.

గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడాయన పైపైన చూసి, క్యాప్ కూడా ఊడదీయకుండా, "మోటరూ లింకేజీ సెట్టు మొత్తం మార్చాలి సార్" అన్నాడు. నేను సరే అనబోయాను కూడా. అంతలో ఒక చిన్న అనుమానం వచ్చింది, మోటర్ పోతే మరి రెండోది ఎలా ఊగుతోంది? చాలా కార్లలో ముందద్దానికి ఉండే రెండు వైపర్లకీ మోటర్ ఒక్కటే, అది లింకేజీ రాడ్లని తోస్తే రెండు చేతులూ కలిసి కదులుతాయి. ఒకటి కదిలి ఇంకోటి కదల్లేదంటే మోటర్ బతికే ఉందన్నమాట. ఆ మాట ఆయన్ని అడిగితే "మీ ఇష్టం సార్" అన్నాడు, మొహం కూడా కొంచెం మార్చుకున్నాడనుకోండి. ఇంటికొచ్చి ఆర్మ్ మొదట్లో ఉన్న ప్లాస్టిక్ క్యాప్ తీసి చూస్తే కింద నట్టు లూజుగా వేళ్లతో తిరుగుతోంది. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకొచ్చాడు మహానుభావుడు.

ఇక్కడ అసలు ఏం జరుగుతుందో చెప్పాలి. వైపర్ మోటర్ చూడ్డానికి చిన్నదే గానీ లోపల వార్మ్ గేర్ ఉంటుంది, అంటే వేగంగా తిరిగే మోటర్‌ని బాగా నెమ్మది చేసి దానికి బదులుగా బలం పెంచుతుంది. ఆ బలం అంతా వెళ్లి ఐసులో ఇరుక్కున్న బ్లేడ్‌ని లాగుతుంది. బ్లేడ్ రాలేదు, మోటర్ ఆగదు, మధ్యలో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగాలి. చాలా బండ్లలో ఆ బలహీనమైన చోటు ఆర్మ్ మొదలే. కింద నుంచి వచ్చే ఇరుసు ఉక్కుది, దాని మీద సన్నటి పళ్లు ఉంటాయి, ఆర్మ్ తల మాత్రం ఎక్కువగా అల్యూమినియం లాంటి మెత్తటి లోహం. ఆ పళ్లు దీన్ని కొరుక్కుని పట్టుకుంటాయి, పైన నట్టు బిగించి ఉంచుతుంది. బలవంతంగా లాగితే మెత్తటిది అరిగిపోయి జారిపోతుంది, నట్టు వదులవుతుంది, ఇరుసు లోపల తిరుగుతూనే ఉంటుంది, ఆర్మ్ పడుకునే ఉంటుంది. ఒక రకంగా మంచిదే, ఎందుకంటే అది జారకపోతే తర్వాత పోయేది లింకేజీ, ఆ తర్వాత మోటర్ లోపలి గేరు. కొన్ని బండ్లలో ఫ్యూజ్ పోతుంది, కొన్నిటిలో మోటర్‌లోనే వేడెక్కితే కరెంటు కట్ చేసి చల్లారాక మళ్లీ ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. యూరప్ నిబంధనల్లో అయితే వైపర్‌ని కదలకుండా పట్టుకుని ఉంచినా 15 సెకన్లు తట్టుకోవాలని ఉంది. 15 సెకన్లు! మనమేమో అది కదలట్లేదని తెలిసి కూడా స్విచ్ ఇంకో గీత పైకి తోసి ఫాస్ట్‌లో పెడతాం.

ఈ వైపర్ పుట్టిందే చలికాలం వల్ల అని మీ పాఠకుల్లో ఎంతమందికి తెలుసో. అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ న్యూయార్క్‌లో మంచు వర్షం పడుతుంటే ట్రామ్ డ్రైవర్ ముందు కిటికీ తెరుచుకుని ఆ చలిలోనే నడపడం చూసి, లోపల నుంచి పిడి తిప్పితే బయట అద్దం తుడిచే ఏర్పాటు తయారుచేసి 1903లో పేటెంట్ తీసుకుంది. ఆవిడది చేత్తో తిప్పేది కాబట్టి ఐసుకి అతుక్కుపోతే పిడి పట్టుకున్న చేతికి వెంటనే తెలిసేది, ఆపేసేవాళ్లు. మోటర్ వచ్చాక సుఖం వచ్చింది గానీ ఆ తెలియడం అనేది పోయింది.

సరే రిపేరు సంగతికొస్తా. ముందు చెవి పెట్టి వినాలి, ఖర్చు లేని పని ఇదొక్కటే. ఐసు మొత్తం కరిగి బ్లేడ్లు అద్దం మీద ఫ్రీగా ఉన్నాయని చూసుకున్నాకే, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ వరకే తిప్పి వైపర్ వెయ్యండి. మోటర్ గుయ్‌మని తిరిగే శబ్దం వస్తూ ఒక ఆర్మ్ మాత్రమే కదిలితే, కదలని దాని నట్టు చూడాలి, లేదా దాని వైపు రాడ్ ఊడిందేమో చూడాలి. శబ్దం వస్తోంది గానీ రెండూ కదలట్లేదంటే లోపల మోటర్ దగ్గరే రాడ్ ఊడిపోయిందనో, మోటర్ మీదుండి రాడ్‌ని తోసే చిన్న క్రాంక్ లూజ్ అయిందనో, గేరు పళ్లు పోయాయనో అర్థం. శబ్దమే లేకపోతే అప్పుడు ఫ్యూజ్, తర్వాత రిలే (మోటర్‌కి కరెంటు ఇచ్చీ ఆపే చిన్న డబ్బా), స్విచ్, మోటర్ ఈ వరసలో వెళ్లాలి, ఫ్యూజ్ ముందు చూడండి ఎందుకంటే ఐసులో లాగినప్పుడు అదే పోయి ఉండొచ్చు, పోయింది ఎన్ని ఆంపియర్లదో అదే వెయ్యాలి, పెద్దది వేస్తే ఈసారి వైరు కాలుతుంది. ఇంకోటి, కదులుతున్నాయి గానీ నీరసంగా, ముసలాడు మెట్లెక్కినట్టు కదులుతున్నాయంటే మోటర్ వీకైందని అందరూ అనుకుంటారు, చాలాసార్లు కాదు, మంచు కరగడానికి రోడ్ల మీద వేసే ఉప్పు నీళ్లలో కలిసి ఆర్మ్ ఇరుసు తిరిగే గొట్టం, అదే బుష్‌లోకి దిగి తుప్పు పట్టించి బిగుసుకుపోయేలా చేస్తుంది. రాడ్ తీసేసి ఇరుసుని చేత్తో తిప్పి చూడండి, గట్టిగా ఉంటే తప్పు ఇరుసుది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అటూ ఇటూ తిప్పుతూ వదులు చేసి గ్రీజు పెడితే కొన్ని తేరుకుంటాయి, మరీ తినేసి ఉంటే మాత్రం లింకేజీ మార్చక తప్పదు, అక్కడ గ్యారేజీ వాళ్లు చెప్పింది రైటే.

ఇదంతా బానెట్ ఎత్తి చూసేటప్పుడు ఆ రాడ్ల మధ్య చేతులు పెట్టకండి, ఐసులోంచి బ్లేడ్‌ని పీకగలిగిన మోటర్‌కి వేలు ఒక లెక్క కాదు. ఏదైనా ఊడదీసే ముందు తాళం జేబులో పెట్టుకోండి, వాన పడితే తనంతట తను మొదలయ్యే రకం వైపర్లుంటే మరీను.

నట్టు లూజైన కేసుకొస్తే. మొదట వైపర్ని ఆఫ్ చేసి అది పడుకునే చోటికి, అంటే పార్క్ పొజిషన్‌కి వెళ్లనివ్వాలి. జారిన ఆర్మ్ ఎలాగూ సరైన చోట ఉండదు కాబట్టి మోటర్ ఇరుసుని పార్క్‌లో ఆపడమే ముఖ్యం. బాగున్న బ్లేడ్ ఎక్కడ పడుకుందో అద్దం మీద టేప్ ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి, జారిన దానికి చాలా అద్దాల మీద కింద సన్న గీతో చుక్కో గుర్తుగా ఉంటుంది, లేకపోతే బాగున్న రోజుల్లో తీసుకున్న ఫోటో వెతకండి (నాకు మా పిల్లాడు బానెట్ మీద కూర్చుని దిగిన ఫోటో పనికొచ్చింది). తర్వాత నట్టు పూర్తిగా తీసెయ్యకుండా రెండు మూడు చుట్లు మిగిల్చి, ఆర్మ్‌ని అద్దం మీద నుంచి పైకి లేపి మొదట్లో పట్టుకుని అటూ ఇటూ ఊపితే వదులవుతుంది. రాకపోతే స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే ఆర్మ్‌ని ఇరుసు మీద నుంచి లాగడానికే చిన్న పుల్లర్ అనే పనిముట్టు దొరుకుతుంది, అది వాడండి. స్క్రూడ్రైవర్ కింద దూర్చి ఎత్తాలని చూస్తే అది ఆనేది అద్దం అంచుకే, అంచు దగ్గర దెబ్బ తగిలితే అద్దం ఎంత వేగంగా పగుల్తుందో నేను ఇంకోరి బండి మీద చూశాను. అన్నట్టు ఆర్మ్ నిలబెట్టి పని చేస్తున్నంతసేపూ కింద అద్దం మీద ఒక మందపాటి తువ్వాలు పరచండి, స్ప్రింగు బలానికి చెయ్యి జారి ఒక్కసారి పడిందంటే బ్లేడ్ లేని ఆర్మ్ సుత్తితో సమానం.

ఆర్మ్ బయటికొచ్చాక లోపల చూస్తే నల్లగా పొడి ఉంటుంది, అదే అరిగిపోయిన లోహం. ఇరుసు పళ్ల మధ్య కూడా అదే ఇరుక్కుని ఉంటుంది, చిన్న వైర్ బ్రష్‌తో శుభ్రంగా గీకెయ్యాలి, లేకపోతే మళ్లీ పట్టు దొరకదు. గుర్తు దగ్గర ఆర్మ్ పెట్టి గట్టిగా కిందికి నొక్కి నట్టు బిగించండి. ఎంత బిగించాలో బండిని బట్టి మారుతుంది, ఆ లెక్క సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది, బలముంది కదా అని వేలాడితే మిగిలిన పళ్లు కూడా పోతాయి. తర్వాత అద్దం తడిపి నాలుగైదు సార్లు వైపర్ వేసి చూసి, ఆపి, నట్టు మళ్లీ ఒకసారి పట్టి చూడండి. పొడి అద్దం మీద టెస్ట్ చెయ్యకండి.

నాది ఇలా చేస్తే మూడు వారాలు నడిచింది. నాలుగో వారం హైవే మీద మళ్లీ జారింది, ఎందుకంటే ఆర్మ్ లోపలి పళ్లు అప్పటికే సగం అరిగి ఉన్నాయి, నేను చూసి కూడా "ఏం కాదులే" అనుకున్నా. ఆ ఆర్మ్ ఒక్కటి కొత్తది వేశాక మళ్లీ గొడవ లేదు. అంటే ఆ గ్యారేజీ ఆయన మొత్తం సెట్టు మార్చాలన్నది తప్పే, నేను పైసా ఖర్చు లేకుండా అయిపోయిందని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయింది కూడా తప్పే. ఆయన వైపు నుంచి చూస్తే ఒక కారణం ఉంది, సెట్టు మార్చేస్తే బండి మళ్లీ వెనక్కి రాదు, నట్టు బిగించి పంపిస్తే నాలాంటివాడు నాలుగో వారం వచ్చి గొడవ పెట్టుకుంటాడు. ఒప్పుకుంటా. కానీ క్యాప్ తీసి చూపించి, "ఇది పోయింది, దీనికి ఇంత, మొత్తానికైతే అంత" అని చెప్తే ఏది కావాలో మనం తేల్చుకుంటాం కదా.

లోపల రాడ్ ఊడిన కేసు ఇంకోలా ఉంటుంది. రాడ్ చివర ప్లాస్టిక్ కప్పు, దాంట్లో లోహపు గుండు, మన భుజం కీలు లాగ. లాగుడుకి కప్పు గుండు మీద నుంచి ఊడొస్తుంది. అద్దం కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జల్లెడ తీస్తే కనిపిస్తుంది, ఆ జల్లెడ క్లిప్పులు చలిలో బిస్కెట్లలా విరుగుతాయి, వెచ్చని చోట పెట్టుకుని తియ్యండి. కప్పు పగలకుండా ఉంటే గ్రీజు రాసి గట్టిగా నొక్కితే లటుక్కున కూర్చుంటుంది. వదులుగా కూర్చుంటే మాత్రం మళ్లీ ఊడుతుంది, చాలా బండ్లకి ఆ కప్పు ఒక్కటే విడిగా దొరుకుతుంది, దానికోసం మోటర్ కొననక్కర్లేదు. ఎలాగూ జల్లెడ తీశారు కాబట్టి అక్కడ పేరుకున్న ఆకులూ చెత్తా తీసెయ్యండి, నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోతే అక్కడే నీళ్లు నిలబడి గడ్డకట్టి లింకేజీని పట్టేస్తాయి, మోటర్‌లోకి నీళ్లు దిగేది కూడా అలాగే.

బ్లేడ్ల గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిందే. ఒక్కటి మాత్రం. రబ్బరు అంచు తుడిచేటప్పుడు ఒక పక్కకి వాలి ఉంటుంది, వెనక్కి తిరిగేటప్పుడు ఇంకో పక్కకి వాలాలి. చలికి రబ్బరు బిర్రుగా అయితే ఆ వాలడం సరిగ్గా జరగదు, అందుకే టకటకమని ఎగురుతుంది. రాత్రంతా ఒకే పక్కకి వాలి గడ్డకట్టినా అంతే. ముందు తడిగుడ్డతో రబ్బరునీ అద్దాన్నీ తుడిచి చూడండి, వెచ్చబడ్డాక కూడా ఎగురుతుంటే ఆర్మ్ కొంచెం మెలిపడి బ్లేడ్ అద్దానికి నిటారుగా లేదని అర్థం, ఐసులో లాగినప్పుడు ఆర్మ్ మెలిపడటం కూడా మామూలే. కొత్త బ్లేడ్ వేసినా అదే శబ్దం వస్తే బ్లేడ్ కంపెనీని తిట్టుకుంటాం పాపం. సన్నటి ఒక్క గీత వదులుతుంటే రబ్బరు అక్కడ చిరిగింది, ఐసు గీకే ప్లాస్టిక్ ముక్కతో మనమే చింపి ఉంటాం. రబ్బరు అంచుని ఉప్పుకాగితంతో రుద్దితే కొత్తదవుతుందని కొందరు చెప్తుంటారు, దాని మీద జారడానికి వేసే సన్నటి పూత ఉంటుంది, అది కాస్తా పోతుంది. రుద్దకండి.

ఇప్పుడు వేడినీళ్లు. మీ వ్యాసంలో "అద్దం మీద వేడినీళ్లు పోస్తే ఐసు వెంటనే కరుగుతుంది" అని ఉంది. కరుగుతుంది, నిజమే, అద్దం కూడా పగుల్తుంది. ముందద్దం అంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది, గడ్డకట్టే చలిలో ఉన్న పై పలక మీద ఒక్కచోట వేడి తగిలితే అక్కడ వ్యాకోచించి పక్కన వ్యాకోచించక మధ్యలో లాగుడు పుడుతుంది, ఎప్పుడో రాయి తగిలిన చిన్న చుక్క ఉన్నా చాలు అక్కడి నుంచి గీత పరిగెడుతుంది. పగలకపోయినా ఆ నీళ్లు కిందికి జారి బ్లేడ్ కిందా ఇరుసు చుట్టూ చేరి ఇంకాసేపట్లో మళ్లీ గడ్డకడతాయి, అంటే అతుక్కున్న దాన్ని విడిపించడానికి పోసినవి ఇంకా గట్టిగా అతికిస్తాయి. దయచేసి ఆ లైనుకి సవరణ వెయ్యండి. ఇంజిన్ వేసి డీఫ్రాస్ట్ పెట్టి అద్దం లోపల నుంచి మెల్లగా వేడెక్కనివ్వడం, పైన ఐసు కరిగించే స్ప్రే కొట్టడం, బ్లేడ్‌ని చేత్తో మెల్లగా లేపి చూడటం, ఇంతకన్నా షార్ట్‌కట్ లేదు. పది పదిహేను నిమిషాలు పోతాయి, పోనివ్వండి. ఆపిన బండి మూసి ఉన్న షెడ్డులో ఉంటే మాత్రం ఇంజిన్ వెయ్యకండి, పొగ ప్రాణం తీస్తుంది.

రాత్రి వైపర్లు పైకి లేపి నిలబెట్టడం గురించి కూడా రకరకాలుగా అంటారు. గాలి లేని రాత్రి నేనూ లేపుతా. గాలి ఉంటే లేపను, పడితే అద్దం మీదే పడాలి. బానెట్ అంచు కింద దాక్కుని ఉండే రకం వైపర్లని నేరుగా లేపితే అంచుకి తగిలి పెయింట్ పోతుంది, వాటికి సర్వీస్ పొజిషన్ అని, వైపర్లు అద్దం మీద పైకి వచ్చి ఆగే ఏర్పాటు ఉంటుంది, ఎలా పెట్టాలో బండి పుస్తకంలో చూసుకోవాలి. అద్దం కడిగే ట్యాంకులో మామూలు నీళ్లు పోసి వదిలెయ్యడం ఇంకో తప్పు, నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి, ట్యాంకో పంపో పగుల్తుంది, పైగా నీళ్లు రాక పొడి రబ్బరుతో మురికిని రుద్దుతాం. చలికాలానికి అమ్మే ద్రవమే పోయండి, ఇంజిన్ కూలెంట్ మాత్రం పోయకండి, అద్దం మీద జిడ్డు పరుచుకుని అసలే కనపడదు.

ఇక ఆ స్విచ్. బండి ఆపే ముందు వైపర్ ఆఫ్ చేసి, అది కిందికి వెళ్లి పడుకున్నాకే తాళం తియ్యాలి అని ఇంట్లో అందరికీ క్లాసు పీకాను, స్టీరింగ్ మీద కాగితం కూడా అంటించా. ఈ ఉత్తరం రాస్తుంటే బయట మంచు మొదలైంది, సాయంత్రం వచ్చినప్పుడు ఆఫ్ చేశానా లేదా గుర్తురాక కోటు వేసుకుని కిందికెళ్లి చూసొచ్చాను. ఆన్‌లోనే ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు